మనవడి కువగాటను ఇంటికి తెచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులతో పెదనాన్న వ్రాయునది.

మనవడు బడిలో తోటిపిల్లల కువగాటలను, అంటే కొమ్ముల్లాంటి దవడలుండే పెంకుపురుగులను, చూసి వచ్చి తనకూ ఒకటి కావాలని పట్టుబట్టాడని, కొనాలో వద్దో తేల్చుకోలేక మీరిద్దరూ తర్జనభర్జన పడుతున్నారని కోడలు ఫోనులో చెప్పింది. కొనండి. జపానులో పెరిగే పిల్లవాడికి ఇది చక్కని తోడు. అయితే ఏ జాతిని తెస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం.

దుకాణంలో పిల్లల కళ్ళు ముందుగా మియామ అనే జాతి మీద పడతాయి. తల వెనుక చెవుల్లా లేచిన అంచులతో, ఒంటిమీద బంగారు నూగుతో అది నిజంగానే అందమైనది. కాని కొండల చల్లదనానికి అలవాటుపడిన జీవి కావడంతో గది వేడి 25 డిగ్రీలు దాటితే నీరసించిపోతుంది. నొకొగిరి అనే ఇంకో జాతి వేడిని కొంత ఓర్చుకుంటుంది గాని, నేలలోంచి బయటికి వచ్చిన ఆ ఒక్క వేసవితోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. రెండో తరగతి పిల్లవాడు మొదటిసారి పెంచుకున్న ప్రాణి ఆకురాలే కాలానికే పోవడం నాకిష్టం లేదు. కొకువగాట, ఓకువగాట అనే జాతుల్లో ఏదో ఒకటి తీసుకోండి. మొదటిది చిన్నది, చవక, చలికాలం దాటి రెండేళ్ళయినా బతకగలదు. రెండోదాన్ని బాగా చూసుకుంటే మూడు నుంచి ఐదేళ్ళు ఉంటుంది. 1999లో టోక్యోలో 80 మిల్లీమీటర్ల ఓకువగాట ఒకటి కోటి యెన్లకు అమ్ముడుపోయిందని విని కోడలు కంగారుపడనక్కర లేదు. పెంపకం విస్తరించాక దాని ధర బాగా దిగివచ్చింది. అడవిలో మాత్రం అది అరుదైపోయింది కనుక, పెంపకంలో పుట్టినదాన్నే అడిగి తీసుకోండి.

వీటి ప్రాణం తీసేది ఎక్కువగా వేడి. మీరందరూ బయటికి వెళ్ళాక తలుపులు మూసిన అపార్టుమెంటు ఆగస్టు మధ్యాహ్నం ఎంత ఉడికిపోతుందో నీకు తెలుసు. దాన్ని పెంచే పెట్టెను కిటికీ దగ్గర పెట్టకుండా, గుమ్మం లోపల చెప్పులు విడిచేచోట నేలమీద ఉంచితే కాస్త చల్లగా ఉంటుంది. దోమల చక్రాలు, దోమల మందు యంత్రాలు ఆ చుట్టుపక్కల వాడవద్దని కోడలికి గట్టిగా చెప్పు. దోమను చంపే మందు దీన్నీ చంపుతుంది.

పెట్టెలో కునుగి వంటి ఓక్ జాతి కలప పొట్టును మందంగా పరవండి. పైన్, దేవదారు పొట్టు పనికిరాదు. పొట్టును పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. పైన బెరడు ముక్కలు, పుల్లలు తప్పకుండా వేయండి, ఎందుకంటే వెల్లకిలా పడిన కువగాటకు పట్టుకోవడానికి ఏదీ దొరక్కపోతే కాళ్ళు గాలిలో ఆడిస్తూ రాత్రంతా గింజుకుని, సత్తువ పోయి చచ్చిపోవచ్చు. మూతకూ పెట్టెకూ మధ్య కన్నాలు పొడిచిన వార్తాపత్రిక కాగితం పెడితే చిన్న ఈగలు తగ్గుతాయి.

తిండికి ఈ పురుగుల కోసమే దుకాణంలో దొరికే జెల్లీ చాలు. పుచ్చకాయ ముక్క పెట్టాలని పిల్లవాడికి ముచ్చటగా ఉంటుంది, కాని అందులో నీరే ఎక్కువ, పెట్టనివ్వకండి.

రెండు మగవాటిని ఒకే పెట్టెలో ఎప్పుడూ ఉంచకూడదు. పట్టుకోవడం మనవడికి నువ్వే దగ్గరుండి నేర్పాలి: వెనుక నుంచి, తలకూ రెక్కలకూ మధ్యనున్న గట్టి భాగాన్ని రెండువైపులా రెండు వేళ్ళతో పట్టుకోవాలి. కాలిగోళ్ళతో బెరడును కరచుకుని ఉన్నప్పుడు లాగితే కాలి కొసలు తెగిపోతాయి, అవి మళ్ళీ రావు. అది వేలు కరిస్తే లాగకుండా, దాని కాళ్ళు నేలకు ఆనేలా చేయి దించి ఓపికపడితే తానే వదులుతుంది. ఆడదాని దవడలు పొట్టివే గాని ఆ కరుపు చురుక్కుమంటుంది.

చలి ముదిరాక అది పొట్టులోకి దూరి కనబడదు. చచ్చిపోయిందనుకుని తవ్వవద్దు, హీటరు లేని గదిలో ఉంచి, పొట్టు ఎండిపోకుండా అప్పుడప్పుడు తడి చూస్తే చాలు.

ఒకవేళ మనవడికి విసుగు పుట్టినా పార్కులో మాత్రం వదలకండి. వేరే దేశపు, వేరే ప్రాంతపు కువగాటలు అక్కడివాటితో కలిస్తే ఆ జాతి సంకరమైపోతుంది. నాకిచ్చేయండి, నేను పెంచుతాను. గుంటూరులో తాతయ్యకు చూపిస్తానని వాడు అడిగినా ఒప్పుకోవద్దు. అనుమతి లేకుండా బతికున్న పురుగులను మన దేశంలోకి తీసుకెళ్ళడం చట్టవిరుద్ధం. ఫోటోలు తీసుకెళ్ళండి, పెట్టెను బయలుదేరే ముందురోజు మా ఇంట్లో దించి వెళ్ళండి.

ఇట్లు,
మీ పెదనాన్న