చక్రధర సరిగ్గా పడేదాకా

తెనాలి

అమ్మడూ,

నీ మెసేజి రెండుసార్లు చదివాను. "పన్నెండేళ్లు అమెరికాలో ఉండి వచ్చాను అత్తయ్యా. వచ్చి నాలుగు నెలలైంది. రస్ట్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోనా, ఏఐ వైపు వెళ్లనా, ఏదైనా యాప్ మొదలుపెట్టనా, ఏమీ తోచడం లేదు. ఏది పట్టుకున్నా వారానికే చల్లారిపోతోంది" అన్నావు. 2008లో న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చినప్పుడు నాకూ అచ్చం ఇలాగే అయింది. ఫోన్లో మాట్లాడుకుంటే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నీ రాత్రుల సంగతి. కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. అక్కడి ఆఫీసు వాళ్లతో ఆ కాల్స్ అయ్యాక పడుకుని, తెల్లారి లేచి కొత్త భాష నేర్చుకోవాలంటే ఎవరివల్లా కాదు. నీ ఆసక్తికి ఏమీ కాలేదు తల్లీ, నీకు నిద్ర చాలడం లేదు. వారానికి రెండు రాత్రులు కాల్స్ పెట్టొద్దని మీ మేనేజర్‌ని అడుగు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఆ మర్నాటి పొద్దుటి పూటలు రెండూ నీవి.

రెండోది, ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదువు. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడు కంపెనీకే చెందుతుందనే షరతు చాలావాటిలో ఉంటుంది. ఉంటే, సొంతంగా ఫలానా పని చేసుకుంటానని మెయిల్ పెట్టి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకో. కంపెనీ లాప్‌టాప్‌లో సొంత పని ఒక్క లైను కూడా రాయొద్దు. నేను పనిచేసిన ఒకచోట ఈ సంగతి పట్టించుకోక ఏడాది పాటు రాసుకున్నది వదిలేసుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

ఇక అసలు విషయం. ఏ టెక్నాలజీ నేర్చుకోవాలని అడిగావు. ఎవరి పక్కన కూర్చుంటావో ముందు తేల్చుకో. టెక్నాలజీ దాని వెనకే వస్తుంది.

వచ్చిన కొత్తలో నేను ఎవరి పక్కనా కూర్చోలేదు. దుగ్గిరాల పసుపు యార్డు మనకి దగ్గరే కదా, రోజూ ధరలు ఇంటర్నెట్లో పెడితే రైతులకి మేలని ఒక సైటు కట్టాను. మూడు నెలలు రాత్రింబగళ్లు పనిచేశాను. తీరా చూపిస్తే ఒక రైతు, "ఏ సరుకు ధరమ్మా ఇది? కొమ్మా, కాయా? నా లాటులో తేమెంతో దీనికెలా తెలుసు?" అన్నాడు. వాళ్లకి కావాల్సిన కబురు పొద్దున్నే కమీషన్ వ్యాపారికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నా సైటు చూసినవాళ్లు నేనూ మీ మావయ్యా. ఆ మూడు నెలలకి ముందు ఒక్క వారం యార్డులో నిలబడి ఉంటే అది కట్టేదాన్నే కాదు.

ఆ తర్వాతే ప్రెస్సు దొరికింది. మీ బావ పెళ్లి శుభలేఖలు వేయించడానికి బోసు రోడ్డులో ఒక చిన్న ప్రెస్సుకి వెళ్లాను. యజమాని పెద్దాయన, చిన్నప్పుడు సీసం అక్షరాలు చేత్తో కూర్చిన మనిషి. తర్వాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, అంటే కంప్యూటర్లో తెలుగు పేజీలు కూర్చే పని నేర్చుకున్నారు. ఒక అరలో సీడీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల స్థల పురాణాలు, భజన పాటలు, ఎవరో మాస్టార్లు సొంత డబ్బుతో వేయించుకున్న శతకాలు. అచ్చు కాపీలు కొన్నిటికి ఎక్కడా లేవు, ఆ ఫైళ్లే మిగిలాయి. అవి మన కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు.

కారణం నీకు చెప్పక్కర్లేదేమో, అయినా చెబుతాను. అన్ని భాషల అక్షరాలకీ ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. కానీ డీటీపీ వాళ్లకి, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్లకి, అప్పట్లో అది పనికొచ్చే పరిస్థితి లేదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టి ఫాంట్లు చేశారు. ఫైల్లో తెలుగు అనేది ఉండదు, ఆ ఫాంటు వేసినప్పుడే తెలుగులా కనపడుతుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాద్దామని కూర్చున్నాను. ఏ ముక్క ఏ అక్షరమో పట్టిక తయారు చేస్తే అయిపోతుందనుకున్నాను. మొదటి ప్రూఫు తీసుకెళ్లి ఇస్తే ఆయన కళ్లజోడు పైకి తోసి ఒక్క క్షణం చూసి, "చ్రకధర అని పడిందమ్మా" అన్నారు.

చక్రధర. ఆ ఫాంటులో క్రావడి, అంటే ర వత్తు, ముందు పడుతుంది, దాని తర్వాత క. యూనికోడ్‌లో క ముందు, ర తర్వాత. నా ప్రోగ్రాం ఆ క్రావడిని ముందున్న చ కి తగిలించేసింది. అలాంటివి మరో పాతిక చూపించారాయన. ఏ వత్తు ఎక్కడ కూర్చుంటుందో, ఏ అక్షరానికి రెండు ముక్కలు కలపాలో ఆయన వేళ్లకి తెలుసు. నాలుగు నెలలు వారానికి రెండు పూటలు ఆయన పక్కన స్టూలు వేసుకుని నేర్చుకున్నాను. నాకు అప్పుడు కంప్యూటర్ మీద వచ్చిన ఆసక్తి ఇన్నేళ్లయినా తగ్గలేదు.

నీకు ఇలాంటి పనే నచ్చాలని ఏమీ లేదు. ఆస్పత్రి కౌంటరు కావచ్చు, మీ అమ్మ బ్యాంకు యాప్‌తో పడే పాట్లు కావచ్చు. కానీ తెలుగు వైపు వస్తే మాత్రం అక్షరాన్ని లోపలి నుంచి నేర్చుకో. పైథాన్‌లో 'స్త్రీ' పొడవు అడుగు, ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, ఒక్కోదానికి ఒక్కో కోడు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. కంటికి కనపడేది ఒక్క అక్షరం. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగైతే 70 కోడ్లే పడతాయి, అందులో స్త్రీ ఒక్కటే ఆరు తినేస్తుంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' లోపల కంటికి కనపడని ఒక గుర్తు చేరి మెసేజిలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి, గుర్తుందా? ఆ నెలలోనే ఆపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అంత పెద్ద సంస్థ చేతికే చిక్కని సంగతులు మన ఒత్తుల్లో ఉన్నాయి. నువ్వు పన్నెండేళ్లు నేర్చుకున్న పనితనం ఇలాంటిచోట పెడితే నాకెంత సంతోషమో.

ఏఐ గురించి టెన్షన్ పడుతున్నావు, ఇవన్నీ రేపు అదే చేసేస్తుంది కదా అని. చేయనీ. పాత పుస్తకం పేజీ ఒకటి ఫొటో తీసి దానికిచ్చి చూడు. థ పొట్టలో చుక్క సరిగ్గా పడకపోతే ధ అని చదువుతుంది. వాక్యం సాఫీగానే ఉంటుంది, అర్థం మారిపోతుంది. ఎక్కడ తప్పిందో పట్టుకునే మనిషి పక్కన ఉండాలి. అలాంటి తప్పుల్ని పట్టే మంచి పరీక్షల వరస తయారు చేయడం కూడా గొప్ప ఇంజినీరింగే అమ్మడూ. దాన్ని చిన్నచూపు చూడొద్దు.

ఒంటరిగా మాత్రం చేయకు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' రాశారు. నేను దారి తెలియక తడుముకుంటున్నప్పుడు దాన్ని చదివే సగం నేర్చుకున్నాను. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలని ఇంటర్నెట్లో పెడతారు, అక్కడ పేజీలు దిద్దేవాళ్లు ఎప్పుడూ కావాలి. హైదరాబాద్ వెళ్తుంటావు కదా, ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాళ్లని కలువు. వెళ్లిన మొదటి రోజే "మేం అక్కడ ఇలా చేసేవాళ్లం" అని మొదలుపెట్టకు. నేను మొదలుపెట్టాను. తర్వాత ఆరు నెలలు ఎవరూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు.

పెద్దాయన దగ్గర ఇంకా పదకొండు సీడీలున్నాయి. కొన్ని గీతలు పడి చదవడం లేదు, ఒకదాంట్లో ఫైళ్లు ఏ ఫాంటువో ఆయనకే గుర్తు రావడం లేదు. నా కళ్లు ఇప్పుడు గంటకే నీళ్లు కారుతున్నాయి. శనివారం పొద్దున్నే విజయవాడలో రైలెక్కితే పదింటికల్లా ప్రెస్సులో ఉంటావు. లాప్‌టాప్ తెచ్చుకో, మొదటి రోజు తెరవకు. టీ ఆయనే తెప్పిస్తారు, వద్దనకు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రా, గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను. మీ నాన్నకి ఒక సీసా పట్టుకెళ్దువుగాని.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య