డిజైన్ బాగుందో లేదో తెలియాలంటే ముందు ఏదో ఒకటి తప్పు కొట్టి చూడండి

"వెబ్‌సైట్ డిజైన్ బాగుందో లేదో దేన్నిబట్టి చెప్పాలి, హోమ్ పేజీ చూస్తే తెలిసిపోతుందా" అని అడిగారు కదా. హోమ్ పేజీ చూస్తే ఏమీ తెలీదండీ. తెనాలిలో మాకు నెట్ సెంటర్ ఉంది, పొద్దున్నుంచి రాత్రిదాకా జనానికి ఫారాలు నింపిపెట్టడమే నా పని, నేను చూసేది ఒక్కటే, మనం తప్పు కొట్టినప్పుడు ఆ సైట్ ఏం చేస్తుంది అని.

నిరుడు ఒకమ్మాయి ఉద్యోగం అప్లికేషన్ పెట్టడానికి వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని వచ్చింది, ఆఖరి రోజు సాయంత్రం. ఏ సంస్థో వద్దులెండి. సైట్ పైకి భలే ఉంటుంది, ఫొటోలు తిరుగుతుంటాయి, రంగులు మెరుస్తుంటాయి. చదువు, మార్కులు, కులం సర్టిఫికెట్ నంబరు, అడ్రసు అన్నీ నింపి సబ్మిట్ కొడితే ఎర్రగా 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్' అని ఒక్క ముక్క వచ్చింది. ఏది తప్పో చెప్పదు, పైగా నింపినవన్నీ ఎగిరిపోయాయి. మళ్లీ నింపాం, మళ్లీ అదే. ఫొటో సైజేమో అనుకుని చూస్తే అది 50 కేబీ లోపే ఉంది. ఈలోపు సెషన్ అయిపోయిందని బయటికి తోసేసింది, మళ్లీ ఓటీపీ. "పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో అలాగే కొట్టానన్నా" అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తీరా చూస్తే నాన్న పేరులో ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క ఉంది, అదీ సంగతి! చుక్క తీసేయగానే వెళ్లిపోయింది. మన పేర్లలో సగం ఇనీషియల్ చుక్కతోనే ఉంటాయి, ఆ గడి కింద 'చుక్క పెట్టొద్దు' అని ఒక్క లైన్ రాస్తే ఏం పోయింది? అసలు ఆ చుక్కేదో సాఫ్ట్‌వేరే తీసేసుకోవచ్చు.

బ్రిటన్ ప్రభుత్వం సైట్ గవ్.యూకే చూడండి, తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలు, అంతే. దానికి 2013లో లండన్ డిజైన్ మ్యూజియం వాళ్లు డిజైన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చారు. అక్కడ ఫారంలో తప్పు కొడితే పేజీ పైనే ఏ గడిలో ఏం తప్పో రాసి చూపిస్తుంది, నొక్కితే నేరుగా ఆ గడి దగ్గరికే తీసుకెళ్తుంది. పుట్టినరోజుకి రోజు, నెల, సంవత్సరం అని మూడు గళ్లు, టైప్ చేసుకోవడమే. మన దగ్గర 1958లో పుట్టిన పెన్షన్ పెద్దాయన కోసం క్యాలెండర్లో నెల తర్వాత నెల వెనక్కి నొక్కుకుంటూ పోవాలి, వేలు నొప్పి పుడుతుంది.

ఇంకోటి, బ్యాంకు అకౌంట్ నంబరు రెండోసారి కొట్టేచోట పేస్ట్ ఆపేస్తారు. చేత్తో కొడితేనే కదా తప్పులొచ్చేది!

తెలుగు పేజీల సంగతైతే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషుకి పెట్టిన లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.2 రెట్లు అలా, దాన్నే తెలుక్కీ ఉంచేస్తారు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, నా లెక్కలో 1.6 అయినా లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడి మీద పడుద్ది. 'రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం' లాంటి పెద్ద హెడ్డింగ్ ఫోన్లో రెండు లైన్లుగా ఎలా వస్తుందో చూడండి, 'ష్ట్ర' కింద ఒత్తులు తెగిపోయి ఉంటే ఆ పేజీ పెట్టినవాళ్లు దాన్ని ఫోన్లో తెరిచి చదవలేదనే లెక్క.