పీఎస్5 (ప్లేస్టేషన్ 5) గేమింగ్ స్టీరింగ్ వీల్ ఎక్స్‌బాక్స్‌కి పనిచేస్తుందా?

చాలావరకు పనిచేయదు, ధర కంటే ముందు వీల్ ఏ కన్సోల్ (గేమ్‌లు ఆడే పెట్టె) కోసం తయారైందో చూసుకోవాలి. యూఎస్‌బీ పెట్టగానే కన్సోల్ వీల్‌లోని గుర్తింపు చిప్‌ను పరీక్షిస్తుంది, ఆ కన్సోల్ కంపెనీ లైసెన్సు లేకపోతే వీల్‌ను పట్టించుకోదు. పీసీకి ఈ పట్టింపు లేదు.

ఉదాహరణకు లాజిటెక్ జీ29, జీ920 రెండూ 900 డిగ్రీలు తిరిగేవే, మూడేసి పెడళ్లున్నవే. కానీ జీ29 ప్లేస్టేషన్‌కి, జీ920 ఎక్స్‌బాక్స్‌కి. పీసీకి ఏదైనా సరే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే (అట్టపెట్టె ఎలాగూ ఉండదు) బటన్లు గమనించండి: త్రిభుజం, చతురస్రం గుర్తులుంటే ప్లేస్టేషన్‌ది, ఏ, బీ, ఎక్స్, వై అక్షరాలుంటే ఎక్స్‌బాక్స్‌ది.

యూఎస్‌బీ పట్టింది కదా, డ్రైవర్ (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కన్సోల్‌లో అలా మనం డ్రైవర్ వేసుకునే వీలే ఉండదు.