మూత్రాన్ని ఎరువుగా మార్చాలంటే మరిగించి చిక్కబరిస్తే సరిపోదా?

సరిపోదు. నిల్వ ఉన్న మూత్రాన్ని మరిగిస్తే నీటితోపాటు నత్రజని కూడా అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

మురుగునీటి పరిమాణంలో మూత్రం వాటా సుమారు 1 శాతమే. కానీ ఆ నీటిలోని నత్రజనిలో దాదాపు 80 శాతం, భాస్వరంలో సగం దాకా దాని నుంచే వస్తాయి. వదులుకోవడానికి మనసొప్పని సంపద ఇది. తాజా మూత్రంలో నత్రజని ఎక్కువగా యూరియా రూపంలో ఉంటుంది. గొట్టాల్లో, ట్యాంకుల్లో చేరే బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది. పీహెచ్ (ద్రవం ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 9 దాకా పెరుగుతుంది. ఘాటు వాసన వచ్చిందంటే ఎరువు గాలిలో కలుస్తున్నట్టే.

అందుకే ముందు నత్రజని ఎగిరిపోకుండా స్థిరపరచాలి, తర్వాతే చిక్కబరచాలి. తాజాగా ఉన్నప్పుడే సున్నం కలిపి పీహెచ్‌ను 12 దాటిస్తే ఎంజైము పనిచేయదు. ఆమ్లం కలిపినా ఆగుతుంది. స్విట్జర్లాండ్‌లోని ఈవాగ్ పరిశోధన సంస్థది మరో దారి: సూక్ష్మజీవులతో అమ్మోనియాలో సుమారు సగాన్ని నైట్రేట్‌గా మార్చి, యాక్టివేటెడ్ కార్బన్‌తో (మలినాలను పట్టుకునే ప్రత్యేక బొగ్గు) మనం మింగిన మందుల అవశేషాలు తీసేసి, ఆపైన నీటిని స్వేదనంతో తొలగిస్తారు. ఆరిన్ అనే ద్రవ ఎరువు అలా తయారైందే. కరెంటు ఖర్చు ఉన్నా, మందుల సంగతి కూడా పట్టించుకుంటుంది కాబట్టి నా ఓటు దీనికే.

మెగ్నీషియం కలిపి స్ట్రువైట్ (మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం) స్ఫటికాలు తీయడం తేలికే గానీ, దక్కేది ప్రధానంగా భాస్వరం. నత్రజనిలో చాలా భాగం ద్రవంలోనే మిగిలిపోతుంది.