యూదు అధ్యయనాల కళాశాలలో డిగ్రీ: హైడల్‌బెర్గ్‌లో చదివినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మీ అమ్మాయికి యూదుల చరిత్ర మీద, హీబ్రూ భాష మీద ఆసక్తి కలిగింది; జర్మనీలో ఇందుకోసమే ఒక కళాశాల ఉందని ఆమె విన్నది; యూదులు కానివారిని అక్కడ చేర్చుకుంటారా, చేరితే మతం మారమంటారా, ఆ డిగ్రీతో తర్వాత ఏం చేయవచ్చు అని మీరు అడుగుతున్నారు. నేను హైదరాబాద్‌లో జర్మన్ భాష ప్రధానాంశంగా రెండేళ్లు బి.ఏ. చదివి, ఆ తర్వాత హైడల్‌బెర్గ్‌లోని ఆ కళాశాలలోనే డిగ్రీ పూర్తిచేశాను కనుక, నా అనుభవంలోంచి చెబుతాను.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చిన్నది. చేర్చుకుంటారు, మతం మారమని ఎవరూ అనరు. నాతో చేరినవారిలో యూదులు కానివారే ఎక్కువ. యూదు మతంలో ఇతరులను తమలో కలుపుకోవాలన్న తపన సాధారణంగా ఉండదు. తనంతట తానుగా చేరదలచిన వ్యక్తిని సైతం రబ్బీలు, అంటే యూదు మతగురువులు, తొందరపడి చేర్చుకోరు, ఎంతో కాలం చదివించి, పరీక్షించి, మతపరమైన న్యాయసభ ముందు నిలబెట్టిన తర్వాతే అంగీకరిస్తారు. నేను అక్కడ ఉన్న నాలుగేళ్లలో నా మతం గురించి అడిగినవారందరూ కుతూహలంతోనే అడిగారు. మీ అమ్మాయిని నిజంగా పరీక్షించేది మతం కాదు, భాష. ఆ ప్రశ్న మీరు అడగలేదు కాని, నా జవాబులో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ముందు కళాశాల సంగతి. దాని పేరు హోఖ్‌షూలె ఫ్యూర్ యూడిషె ష్టూడియెన్. జర్మనీలోని యూదుల కేంద్ర మండలి దీన్ని 1979లో స్థాపించింది. నాజీల కాలం తర్వాత ఆ దేశంలో మిగిలిన చిన్న చిన్న యూదు సమాజాలకు రబ్బీలను, ఉపాధ్యాయులను తయారుచేయగల చోటు లేకపోవడం దీని స్థాపనకు ఒక ముఖ్య కారణం. అంతకు ముందు ఆ పని చేసిన బెర్లిన్ విద్యాలయం 1872లో మొదలై, 1942లో నాజీలు మూయించేవరకు నడిచింది. ప్రపంచంలో రబ్బీగా నియమితురాలైన మొదటి మహిళ రెగీనా యోనాస్ అక్కడి విద్యార్థినే. 1935లో ఆ అర్హత పొందిన ఆమెను 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. హైడల్‌బెర్గ్ కళాశాల ఆ తెగిపోయిన విద్యాసంప్రదాయానికి తాను వారసురాలినని భావిస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేస్తుంది కాబట్టి, యూదు అధ్యయనాలతో పాటు మరో పాఠ్యాంశాన్ని విశ్వవిద్యాలయంలో చదువుకోవచ్చు. నేను చరిత్ర తీసుకున్నాను. బైబిల్, తల్మూద్ (యూదు ధర్మశాస్త్ర చర్చల సంకలనం), హీబ్రూ భాషాశాస్త్రం, యూదుల చరిత్ర, సాహిత్యం, తత్త్వం, కళ వంటివి అక్కడ విడివిడి విభాగాలు. మొదటి ఏడాదిలో అన్నింటినీ కొంత రుచి చూపించి, తర్వాత ఎంచుకోమంటారు.

ఇక భాష. హీబ్రూలో అక్షరాలు 22. వారం రోజుల్లో వచ్చేస్తాయి. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే వాడుకలోని రాతలో అచ్చుల గుర్తులు ఉండవు. తలకట్టు, గుడి, కొమ్ము ఏవీ లేకుండా, గుణింతం తీసేసిన తెలుగు పుస్తకాన్ని చదవమన్నట్టు ఊహించుకోండి. పదాలు సాధారణంగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి: క-త-వ అనే ధాతువు నుంచి ‘కాతవ్’ అంటే రాశాడు, ‘మిఖ్తావ్’ అంటే ఉత్తరం, ‘క్తోవెత్’ అంటే చిరునామా. ధాతువు, ప్రత్యయం అన్న ఆలోచన మనకు వ్యాకరణ పాఠాల్లో పరిచయమైనదే కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా జర్మన్ సహాధ్యాయుల కంటే నేను కొంచెం ముందున్నాను. ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. ముందుగా చూడని బైబిల్ భాగాన్ని అనువదించి వ్యాకరణం వివరించవలసిన హీబ్రూ పరీక్షలో నేను మొదటిసారి తప్పాను. ‘మరియు’, ‘కు’, ‘లో’ వంటి అర్థాలనిచ్చే అక్షరాలు హీబ్రూలో పదం ముందే అతుక్కుంటాయి. వాటిని ఒలిచి అసలు పదాన్ని పట్టుకుంటే గాని నిఘంటువులో అది దొరకదు. నేను అతుక్కున్న అక్షరాన్ని ధాతువులో భాగమనుకుని, లేని మాట కోసం గెజేనియుస్ నిఘంటువు పుటలు తిరగేస్తూ సమయమంతా పోగొట్టుకున్నాను. డిగ్రీకి పేరుకు ఆరు సెమిస్టర్లు; నాకు ఎనిమిది పట్టింది. ఆ రెండూ పూర్తిగా హీబ్రూ ఖాతాలోనివే.

ఇంత కష్టపడి చేరుకునేది ఎక్కడికో చెబితే తప్ప ఈ చదువు ఎందుకో అర్థం కాదు. తల్మూద్ పుట ఒకటి తెరిస్తే, మధ్యలో పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా, దానిమీద జరిగిన చర్చ అయిన గెమారా ఉంటాయి. పుస్తకం కుట్టు వైపు 11వ శతాబ్దపు రాషి వ్యాఖ్య, బయటి అంచు వైపు ఆయన తర్వాతి తరాలవారి తోసాఫోత్ వ్యాఖ్యలు ఉంటాయి. వెనిస్‌లో 1520-23 మధ్య తల్మూద్‌ను మొదటిసారి మొత్తంగా అచ్చువేసిన డానియెల్ బోంబెర్గ్ క్రైస్తవుడు. ఆయన అచ్చులోని పుటల లెక్కే ఈనాటికీ నడుస్తోంది. గెమారా చాలావరకు హీబ్రూలో కాక దానికి దగ్గరి భాష అయిన అరామిక్‌లో ఉంటుంది, రాషి వ్యాఖ్యను మరో రకం అక్షరాలతో అచ్చువేస్తారు. అంటే రెండేళ్లు చదివి హీబ్రూ వచ్చిందనుకున్న విద్యార్థి మళ్లీ అక్షరాభ్యాసం దగ్గర కూర్చుంటాడు. అక్కడక్కడ రాషి ఒక కఠినపదాన్ని వివరించడానికి తన ఊరివారు మాట్లాడే పాత ఫ్రెంచి మాటను హీబ్రూ అక్షరాల్లో రాస్తాడు. ఫ్రాన్స్‌లోని త్రోయ్ పట్టణంలో తన ఎదుట కూర్చున్న శిష్యుడికి చెబుతున్నట్టే ఉంటుంది. కాళిదాసును మల్లినాథసూరి వ్యాఖ్యతో తప్ప చదవని సంప్రదాయం మనకు ఉంది, ఆయన మెదక్ ప్రాంతపు కొలిచెలమవారు కూడా. మూలాన్ని వ్యాఖ్య వెంట నడిచి చదవడమన్నది అందువల్ల నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించినదల్లా వ్యాఖ్యాతలు ఒకే పుటలో ఒకరినొకరు ఖండించుకోవడం, ఆ ఖండనను చెరపకుండా తరతరాలుగా అచ్చువేయడం.

కొత్తవారిని తరచుగా ‘దొరికిన వస్తువులు’ అనే అధ్యాయంతో మొదలుపెట్టిస్తారు, మేమూ అక్కడే మొదలుపెట్టాం. దారిలో చెల్లాచెదురుగా పడి ఉన్న నాణేలు దొరికితే అవి దొరికినవాడివే. సంచిలో ఉన్న నాణేలు, లేదా ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు నాణేలు దొరికితే మాత్రం చాటింపు వేసి సొంతదారును వెతకాలి. చెల్లాచెదురైన నాణేలకు గుర్తు ఉండదు కనుక సొంతదారు ఆశ వదులుకుని ఉంటాడన్నది కారణం. అయితే వస్తువు పోయిన సంగతే అతనికి ఇంకా తెలియకపోతే? తెలియనివాడు ఆశ వదులుకున్నట్టు ఎలా లెక్కిస్తాం? అబయే, రావా అనే ఇద్దరు పండితులు దీనిమీద పుటల కొద్దీ వాదించుకుంటారు. చివరికి, అరుదుగా జరిగేదే అయినా, అబయే పక్షమే నిలుస్తుంది, అంటే తెలియని నష్టానికి ఆశ వదులుకోవడం వర్తించదు. ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని, పైకి చదువుతూ, ఒకరి అర్థాన్ని ఒకరు తప్పుపడుతూ చదవడం అక్కడి పద్ధతి. ఒక సెమిస్టర్ మొత్తంలో మేము ముగించినది నాలుగైదు పుటలు. తక్కువని అనిపించవచ్చు, ఆ నాలుగైదు పుటలు నాకు ఈనాటికీ గుర్తున్నాయి, మిగిలిన ఉపన్యాసాలు అంతగా గుర్తులేవు.

తెలుగు బైబిలు చదివే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు మరో చిన్న సర్దుబాటు అవసరమవుతుంది. అక్కడ ‘పాత నిబంధన’ అన్న మాట వాడరు, తనాఖ్ అంటారు. గ్రంథాల లెక్క 39 కాక 24, మలాకీతో కాక దినవృత్తాంతములతో ముగుస్తుంది. యెషయా 7:14లో మన అనువాదం ‘కన్యక’ అన్నచోట హీబ్రూలో ఉన్న ‘అల్మా’ అన్న మాటకు యువతి అనే అర్థం ఉందని చర్చకు వస్తుంది. విశ్వాసాన్ని కదిలించాలని ఎవరూ ఈ చర్చ చేయరు కాని, సిద్ధపడి వెళ్లడం మంచిది.

భోజనశాలలో కోషెర్ అనే యూదు ఆహార నియమాలు పాటిస్తారు, మాంసాన్ని పాల పదార్థాలతో కలపరు. కోడికూర తిన్నాక పెరుగన్నంతో ముగించే అలవాటున్న నాకు ఇది నిజంగా లోటే. మన మడి లాంటిదే కదా అని ఒకసారి తరగతిలో అన్నాను. మడి శుచికి సంబంధించినది, ఇది ఏది దేనితో తినవచ్చునన్న ధర్మశాస్త్రానికి సంబంధించినది, రెండింటినీ కలిపేస్తే రెండూ అర్థం కావని అధ్యాపకురాలు చెప్పారు. ఆమె మాటే సరైనది.

మూడో సెమిస్టర్‌లో ఒక చర్చలో ఎవరో గుంటూరు దగ్గరి తెలుగు యూదుల గురించి నన్ను అడిగారు. నాకు ఏమీ తెలియదు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని దళిత కుటుంబాలు తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాలలోని ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకుంటూ, 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయని, వారికి ఒక చిన్న ప్రార్థనామందిరం ఉందని నేను జర్మనీలోని గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. ఒకరిని యూదుడని గుర్తించే అధికారం ఎవరిది అన్నదానిపై నేను రాసిన సెమిస్టర్ వ్యాసం అక్కడి నుంచే పుట్టింది. మీ అమ్మాయికి తెలుగు రావడం ఈ ఒక్క విషయంలో ఎవరికీ లేని సౌకర్యమవుతుంది.

హైడల్‌బెర్గ్‌కు దగ్గరలో ఉన్న ప్రదేశాలు కూడా చదువులో భాగమే. ష్పైయర్, వోర్మ్స్, మైంజ్ పట్టణాల మధ్యయుగపు యూదు కట్టడాలను 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రాషి యువకుడిగా చదువుకున్నది వోర్మ్స్, మైంజ్‌లలోనే. వోర్మ్స్ శ్మశానవాటికలో 11వ శతాబ్దపు సమాధిరాళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. అక్కడ రబ్బీ మెయిర్ అనే మహాపండితుడి రాయి ఉంది. జర్మన్ రాజు చెరలో 1293లో ఆయన చనిపోతే, శవాన్ని 1307 వరకు అప్పగించలేదు. అలెక్సాండర్ అనే ఒక ధనికుడు సొమ్ము చెల్లించి విడిపించి, ప్రతిఫలంగా ఆయన పక్కన తనకు చోటు కోరుకున్నాడు. రెండు రాళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ రాళ్ల మీది అక్షరాలను వేలితో తడుముతూ ఒక పంక్తి చదవగలిగిన రోజున, తప్పిన పరీక్ష గురించి బాధపడటం మానేశాను.

ప్రవేశం విషయానికి వస్తే, ఇంటర్మీడియట్ ఒక్కదానితో జర్మనీలో నేరుగా డిగ్రీలో చేరడం సాధారణంగా కుదరదు. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదివి ఉత్తీర్ణురాలవడం, లేదా అక్కడ ష్టూడియెన్‌కొల్లెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సు చదవడం మార్గాలు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు, వారి చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరైంది. బోధన జర్మన్‌లో ఉంటుంది కనుక సీ1 అనే ఉన్నత స్థాయి భాష కావాలి; నా అభిప్రాయంలో హైదరాబాద్‌లో ఒకటి రెండేళ్లు జర్మన్ చదివి వెళ్లడమే అన్నింటికంటే తక్కువ బాధ. ఇంగ్లీషులోనే చదవాలనుకుంటే న్యూయార్క్‌లోని జూయిష్ థియొలాజికల్ సెమినరీకి చెందిన లిస్ట్ కళాశాల ఉంది. అక్కడ కొలంబియా లేదా బార్నార్డ్‌తో కలిపి రెండు డిగ్రీలు ఒకేసారి చదువుతారు. ఖర్చు మాత్రం అమెరికా ఖర్చే.

ఉద్యోగం గురించి తియ్యగా చెప్పలేను. నా తోటివారిలో ఒకరు మ్యూజియంలో, ఒకరు ప్రచురణసంస్థలో, ఇద్దరు పాఠశాలల్లో పనిచేస్తున్నారు. ఒకామె అన్నీ వదిలి న్యాయశాస్త్రంలో చేరింది. నేను ఒక గ్రంథాలయంలో పాత హీబ్రూ అచ్చు పుస్తకాలకు పట్టికలు తయారుచేస్తున్నాను. జీతం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడి జీతంలో సగం కూడా ఉండదు. మాస్టర్స్ కూడా చేయకుండా ఈ రంగంలో నిలబడటం కష్టం, కనుక మీరు మూడేళ్లకు కాక కనీసం ఆరేడేళ్లకు లెక్క వేసుకోండి.

దరఖాస్తుల గురించి ఆలోచించే ముందు, ఈ సెలవుల్లో ఆమెను 22 అక్షరాలు నేర్చుకుని, అచ్చుల గుర్తులున్న హీబ్రూ ప్రతిలో ఆదికాండం మొదటి అధ్యాయాన్ని పైకి చదవమనండి. అది పూర్తయ్యాక, గుర్తులు లేని ప్రతిలో అదే అధ్యాయాన్ని మళ్లీ చదవమనండి. రెండోసారి చదివేటప్పుడు విసుగు కాక పంతం కలిగితే, జర్మన్ తరగతిలో చేర్పించండి.