బుప్రెనార్ఫిన్ మాత్ర ఆపి ఆపరేషన్‌కు పోవాలా?

ప్రశ్న: మా తమ్మునికి 29 ఏండ్లు. బండి యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. అప్పుడు నొప్పికి వాడిన ట్రామడాల్ వ్యసనమైంది. ఇప్పుడు ఆ వ్యసనానికి డాక్టర్ రాసిన బుప్రెనార్ఫిన్ రోజూ పొద్దున 6 మిల్లీగ్రాములు నాలుక కింద పెట్టుకుంటున్నాడు. సాయంత్రం కల్లు తాగుతాడు. వచ్చే నెల నల్లగొండలో రాడ్ తీస్తారు. మాత్ర ముందే ఆపాలని కొందరు, నొప్పికి ఏ మందూ ఇయ్యొద్దని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మాత్ర ఆపకండమ్మా. ఆపితే కొద్ది రోజుల్లోనే ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, విరేచనాలు మొదలవుతాయి. దానికి కోత నొప్పి తోడైతే చెయ్యి మళ్లీ ట్రామడాల్ మీదికే పోతుంది. ఆపరేషన్ రోజు పొద్దున కూడా వేసుకోవాల్సిందే. పరగడుపున ఉండమన్నా ఇబ్బంది లేదు, దీనికి నీళ్లు అక్కర్లేదు. పూర్తిగా కరిగేదాకా నాలుక కిందే ఉంచాలి. మింగితే చాలా వరకు వృథా.

ఈ మందు మత్తు కోరికను రోజంతా అణిచిపెడుతుంది గానీ నొప్పి మీద దాని పని 6 నుంచి 8 గంటలే. అందుకే ఆపరేషన్ తర్వాత అదే 6 మిల్లీగ్రాములను 2 చొప్పున మూడు పూటలు చేస్తుంటారు. ఈ మార్పు మీరు సొంతంగా చేయొద్దు; మాత్ర రాసిన డాక్టర్, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టర్ ముందే మాట్లాడుకోవాలి. నడుముకు మత్తుతో పాటు తొడ నరానికి బ్లాక్ (ఆ నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తారేమో అడగండి. బ్లాక్ దిగకముందే పారాసిటమాల్ మొదలుపెట్టి, నొప్పి వచ్చిందా అని చూడకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి. మామూలుగా 6 గంటలకోసారి 1 గ్రాము; కాలేయం దెబ్బతిన్నా, బరువు 50 కిలోల లోపున్నా తగ్గిస్తారు. కిడ్నీలు, కడుపు బాగుంటే డైక్లోఫెనాక్ కొద్ది రోజులు.

ఇవీ చాలకపోతే మార్ఫిన్ వంటిది ఇవ్వక తప్పదు. అలవాటుపడిన ఒంటికి మామూలు మోతాదు ఆనదు, కాబట్టి శ్వాస, ఆక్సిజన్ చూస్తూ వార్డులోనే ఇస్తారు. వ్యసనం ఉందని నొప్పికి మందు ఎగ్గొట్టడం వైద్యం కాదు. పెంటజోసిన్ (ఫోర్ట్‌విన్) ఇంజెక్షన్ మాత్రం వద్దని ముందే చెప్పండి. బుప్రెనార్ఫిన్ వాడేవారిలో అది విత్‌డ్రాయల్ (మాత్ర ఆపితే వచ్చేలాంటి బాధలు) తెప్పించగలదు.

మీరు ఒక్క మాటలో దాటేసిన కల్లు దగ్గరే అసలు భయం. మన నల్లగొండ, పాలమూరు దిక్కు కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ కలుస్తాయన్నది అందరికీ తెలిసిందే. అలాంటి కల్లు ఆస్పత్రిలో చేరి ఒక్కసారిగా బందైతే కొన్ని రోజుల్లోపే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావచ్చు. ట్రామడాల్‌కూ ఫిట్స్ తెప్పించే గుణం ఉంది. ఎన్ని సీసాలు, ఎన్నేండ్లుగా అన్నది మత్తు డాక్టర్‌కు దాచకుండా చెబితే డైజిపామ్ లాంటిది ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. వణుకుతున్నాడని జాలిపడి వార్డులోకి సీసా తేవొద్దు. మార్ఫిన్ మీద ఆ కల్లు పడితే శ్వాస ఆగవచ్చు. గురక పెడుతూ పిలిచినా లేవకపోతే వెంటనే నర్సును పిలవండి.

డిశ్చార్జి రోజు మాత్రల స్ట్రిప్ వెనక చదవండి. పారాసిటమాల్ 325 పక్కన ట్రామడాల్ 37.5 అని ఉంటే అక్కడే తిరిగిచ్చి, వేరేది రాయించుకోండి.