పడవ మీద రెండు రోజుల రేడియో

ప్రశ్న: నాకు హామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు ఉంది. శని, ఆదివారాలు స్నేహితుడి తెరచాప పడవలో సముద్రం మీద ఉంటాను. నా 100 వాట్ల సెట్టు తీసుకెళ్లి 14 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడాలని ఉంది. పడవకు ఎక్కడా రంధ్రం పెట్టనివ్వడు. ఎర్త్ ఎలా? పడవ బ్యాటరీ చాలుతుందా?

జవాబు: ఎర్త్ గురించి టెన్షన్ పడకండి, అది మీ చుట్టూ కావలసినంత ఉంది. ఉప్పునీటిలో మంచినీటి కంటే వంద రెట్లకు పైగా తేలిగ్గా విద్యుత్తు ప్రవహిస్తుంది. నిలువు యాంటెన్నాకు ఇంతకంటే మంచి చోటు నేలమీద దొరకదు. (చెరువులో అయితే ఈ మాట అననండి.)

ఇన్సులేషన్ ఉన్న తీగను 5 మీటర్ల కంటే ఒక జానెడు ఎక్కువ కోసి, ఫైబర్‌గ్లాస్ గాలపు కర్ర వెంబడి పైకి లాగండి. కార్బన్ కర్ర వద్దు, అందులో కరెంటు పారుతుంది. కర్రను వెనక రెయిలింగుకు తాడుతో రెండు చోట్ల బిగించండి. టేపు తడిస్తే జారిపోతుంది. సెట్టు నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ లోపలి తీగ యాంటెన్నాకు, దాని చుట్టూ ఉండే లోహపు జల్లెడ ఒక రాగి రేకుకు కలపండి. ఆ రేకును నీళ్లలోకి వేలాడదీయండి. పడవ ఒరిగినప్పుడల్లా రేకు నీళ్లలోంచి పైకి లేస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే కొలత) ముల్లు గంతులేస్తుంది. అందుకని జల్లెడకే మరో 5 మీటర్ల తీగ కలిపి డెక్కు అంచున పరిచేయండి. తర్వాత యాంటెన్నా తీగను కొంచెం కొంచెం కత్తిరిస్తూ ముల్లు దించుకోండి.

పడవ బ్యాటరీ జోలికి పోవద్దు. రేపు ఇంజన్ స్టార్ట్ కావాల్సింది దానితోనే. 100 వాట్లకు మీ సెట్టు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. 12 వోల్టుల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ సొంతంగా తీసుకెళ్లండి, ఫ్యూజు దాని మొన దగ్గరే పెట్టండి, పవర్ 20 వాట్లకు తగ్గించండి. అవతలివాడికి తగ్గేది 7 డెసిబెల్సే, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఒక గీత కంటే కాస్త ఎక్కువ. 100 వాట్ల మోజు పడవలో అనవసరం.

అసలు తలనొప్పి రొద. బయలుదేరే ముందే సెట్టు ఆన్ చేసి, ఇన్వర్టర్, ఫ్రిజ్, ఎల్‌ఈడీ దీపాలు, సోలార్ కంట్రోలర్ ఒక్కొక్కటే ఆపిస్తూ వినండి. ఏది ఆపితే బ్యాండు నిశ్శబ్దమైపోతుందో, మాట్లాడేటప్పుడు దాన్ని ఆపిస్తే చాలు. మీరు మైకు నొక్కగానే ఆటోపైలట్ చుక్కాని తిప్పేయడం కూడా జరుగుతుంటుంది. ఆ కాసేపు చుక్కాని మనిషి చేతిలో ఉంచమనండి. స్పీకరు అయస్కాంతం దిక్సూచికి దూరంగా ఉండాలి.

స్నేహితుడైనా సరే, పడవ నడిపేవాడి అనుమతి తప్పనిసరి. సముద్రంలో కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు పేరు) చివర ‘స్ట్రోక్ ఎమ్‌ఎమ్’, అంటే మారిటైమ్ మొబైల్, అని చేర్చడం ఆనవాయితీ. మీ లైసెన్సులో ఏముందో ముందే చదువుకోండి. మబ్బు ఉరిమితే మాట మధ్యలోనైనా ఆపి కర్ర దించేయండి. 14.300 మెగాహెర్ట్జ్ మీద నావికుల నెట్‌లు (అందరూ కలిసి వంతులవారీగా మాట్లాడుకునేవి) నడుస్తుంటాయి. అక్కడ ముందు వినండి, తర్వాత పిలవండి.